చేతిలో డబ్బు ఆడనప్పుడు నాణేల సేకరణ ఎలా కొనసాగించాలి

జీతం తగ్గినా, ఇంట్లో అనుకోని ఖర్చు వచ్చి పడినా ముందు కోత పడేది హాబీ ఖర్చుకే. అది సరైన పనే, దానికి బాధపడక్కర్లేదు. కానీ కొనడం ఆగిపోగానే చాలామంది డబ్బా మూసేసి అటక మీద పెట్టేస్తారు, ఏడాది తిరిగేసరికి దాని మీద మనసే పోతుంది. లేదంటే కంగారులో ఉన్నవన్నీ వచ్చిన రేటుకు అమ్మేస్తారు. నేను ఆ రెండోదే చేశాను. ఒక కష్టకాలంలో ముప్పై దాకా మంచి నాణేలు ఒకే సాయంత్రం ఇచ్చేసి వచ్చాను, వాటిలో ఏమేం ఉన్నాయో రాసి కూడా పెట్టుకోలేదు. పోయిన డబ్బు కంటే ఆ రాసుకోకపోవడమే ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆ తర్వాత రెండేళ్లు నాణేల మీద దాదాపు ఏమీ ఖర్చు పెట్టకుండా గడిపాను, అంతకుముందు ఎన్నో ఏళ్లు కొంటూ నేర్చుకున్న దానికంటే ఆ రెండేళ్లలోనే ఎక్కువ నేర్చుకున్నాను. ఎందుకంటే కొనడం ఆగాక మొదటిసారి ఉన్నవాటిని చూడటం మొదలుపెట్టాను. ఇప్పుడు అదే వరసలో చెప్తాను, మీ వీలును బట్టి ముందూ వెనకా చేసుకోండి.

1. ఒక నెల ఏమీ కొనకండి, ఉన్నవాటి లెక్క రాయండి

డబ్బాలు, కవర్లు, సొరుగులు అన్నీ ఖాళీ చేసి మెత్తటి గుడ్డ పరిచి దాని మీద పెట్టండి. ఒక మామూలు నోటుపుస్తకం చాలు, కంప్యూటర్‌లో చేసుకుంటే ఇంకా మంచిది. ప్రతి నాణేనికీ దేశం, విలువ, సంవత్సరం, లోహం, ఎక్కడ దొరికింది, ఎంత పెట్టారు, ఇవి రాయండి. ఇంకొకటి కూడా తప్పకుండా రాయాలి, చాలామంది వదిలేసేది ఇదే: మింట్ మార్క్, అంటే ఏ టంకశాలలో ముద్రించారో చెప్పే చిన్న గుర్తు.

భారతీయ నాణేల మీద సంవత్సరం కింద చూడండి. డైమండ్ ఆకారం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. జర్మనీ నాణేల మీద ఎ అక్షరం బెర్లిన్‌ది, డి మ్యూనిక్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జి కార్ల్‌స్రూహె, జె హాంబర్గ్. అమెరికా నాణేల మీద డి అంటే డెన్వర్, ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో. ఒకే అక్షరం ఒక దేశంలో ఒక ఊరిని, ఇంకో దేశంలో ఇంకో ఊరిని చెప్తుంది కాబట్టి దేశం చూడకుండా అక్షరం చదవొద్దు.

దీనివల్ల లాభం ఏమిటంటే, ఇన్నాళ్లూ మీరు డూప్లికేట్లు అనుకుని ఒక సీసాలో పోసిన ఒక రూపాయి నాణేలు ఒక్కసారిగా మూడు నాలుగు వేర్వేరు నాణేలవుతాయి. నా సీసాలో అలా ఒకే సంవత్సరంవి మూడు టంకశాలలవి దొరికాయి, నాలుగోది ఎక్కడుందా అని వెతకడం మొదలైంది. పైసా ఖర్చు లేకుండా సేకరణ పెరిగింది, చేయాల్సిన పని కూడా దొరికింది. జాబితా పూర్తయితే ఏవి లేవో కూడా కనబడతాయి, ఆ ఖాళీలను వేరే పేజీలో రాసుకోండి. ఇక నుంచి మీ వేట ఆ పేజీని బట్టే సాగాలి.

2. ఖర్చుకు ఒక గీత గీయండి

అద్దె, ఇంటి సరుకులు, మందులు, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు, వీటన్నిటి తర్వాత మిగిలిన దాంట్లోంచే నాణేలకు ఇవ్వాలి. ఏమీ మిగలకపోతే ఆ నెల సున్నా, అంతే. ఎంత చిన్న మొత్తమైనా ఒక కవర్లో విడిగా పెట్టండి, ఖర్చు కాకపోతే తర్వాతి నెలకు కలపండి. క్రెడిట్ కార్డు మీద, వాయిదాల మీద నాణెం కొనొద్దు, దీనికి మినహాయింపు లేదు. "మళ్లీ దొరకదు" అని అమ్మేవాళ్లు అంటుంటారు కానీ, లక్షల్లో ముద్రించిన నాణెం మళ్లీ దొరుకుతుంది. ఏదైనా చూసి మనసు పడితే పేరు, రేటు రాసుకుని నెల రోజులు ఆగండి. నేను అలా రాసుకున్న వాటిలో సగానికి పైగా నెల తర్వాత అక్కర్లేదనిపించాయి.

డూప్లికేట్లు అమ్మితే వచ్చిన డబ్బు కూడా అదే కవర్లోకి వెళ్లాలి. ఇంట్లోవాళ్లకు కవర్ ఎక్కడుందో తెలిసి ఉండాలి. దాచిపెట్టి కొన్న నాణెం చూసినప్పుడల్లా టెన్షనే.

3. చిల్లరలోనే వెతకండి

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. చిల్లరలో దొరికిన నాణెం దాని ముఖవిలువకే మీకు వచ్చింది, చలామణిలో ఉన్నంతకాలం అవసరమైతే అదే విలువకు ఖర్చు పెట్టేయొచ్చు, అంటే నష్టమనేదే లేదు. ఇంకే హాబీలో ఇంత భద్రత ఉంటుందో నాకు తెలియదు. రోజూ రాత్రి జేబులో ఉన్న చిల్లర బల్ల మీద పోసి ఐదు నిమిషాలు చూడండి. తెలిసిన దుకాణదారు ఉంటే నోట్లిచ్చి చిల్లర మార్చుకోండి, చూసిన తర్వాత అక్కర్లేనివి మళ్లీ ఖర్చు పెట్టండి. బంధువుల ఇళ్లలో పాత పర్సులు, దేవుడి గదిలో డబ్బాలు ఉంటాయి, అడిగితే సంతోషంగా చూపిస్తారు, కాకపోతే వాళ్ల వస్తువు వాళ్లదే అన్న సంగతి మర్చిపోవద్దు, విలువైనది కనబడితే ఆ మాట వాళ్లకే ముందు చెప్పండి.

ఏం వెతకాలి? అన్నిటికంటే సులువైనది లోహం మారిన సంవత్సరాలు. లోహం ధర పెరిగితే ప్రభుత్వం చవక లోహానికి మారుతుంది, బొమ్మ మాత్రం చాలాసార్లు అలాగే ఉంటుంది, అందుకే జనం గమనించరు. అమెరికా ఒక సెంటు 1982లో మధ్యలో మారింది: పాతది 95 శాతం రాగి, బరువు 3.11 గ్రాములు, కొత్తది జింకు మీద రాగి పూత, 2.5 గ్రాములు. రెండింటి మీదా 1982 అనే ఉంటుంది, తూకం వేస్తేనే తెలుస్తుంది. బ్రిటన్‌లో ఒక పెన్నీ, రెండు పెన్నీలు 1992లో కంచు నుంచి రాగి పూత ఉన్న స్టీలుకు మారాయి, అయస్కాంతం పెడితే కొత్తది అంటుకుంటుంది, పాతది అంటుకోదు. భారత్‌లో రూపాయి 1992 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు, అంతకుముందు కొన్నేళ్లు రాగి-నికెల్ మిశ్రమం. ఐదు రూపాయలు 1992లో రాగి-నికెల్‌తో మొదలై, 2007లో స్టీలుకు, 2009లో నికెల్ ఇత్తడికి వచ్చింది.

అయస్కాంతంతో ఒక చిక్కుంది. స్టీలు అంటుకుంటుంది, రాగి-నికెల్ మిశ్రమం అంటుకోదు, కానీ శుద్ధ నికెల్ మాత్రం అంటుకుంటుంది. 1962 నాటి రూపాయి శుద్ధ నికెల్‌ది, అది అయస్కాంతానికి అతుక్కోగానే నకిలీ అనుకుని పక్కన పడేయకండి.

రెండోది, ముద్రణ తేడాలు. బొమ్మ నిటారుగా పట్టుకుని పక్కకు తిప్పితే యూరో నాణేల మీద వెనక వైపు కూడా నిటారుగానే ఉంటుంది. అమెరికా నాణేలు అలా పక్కకు తిప్పితే తలకిందులుగా కనబడతాయి, పైనుంచి కిందికి తిప్పితేనే నిటారుగా వస్తాయి. ఆ దేశపు పద్ధతికి భిన్నంగా బొరుసు ఒక పక్కకు ఒరిగి ఉంటే అది డై, అంటే ముద్ర కొట్టే అచ్చు, తిరిగిపోయిన నాణెం, సేకరించేవాళ్లు దాన్ని ఇష్టపడతారు. కానీ గీతలు, సొట్టలు, అరిగిన అంచు, కాలిన రంగు ఇవన్నీ టంకశాల దాటాక జరిగిన దెబ్బలే. "అరుదైన ఎర్రర్" అని ఎవరైనా అమ్మజూపే వాటిలో చాలావరకు ఇవే ఉంటాయి.

4. పరిధి తగ్గించుకోండి

ప్రపంచంలోని అన్ని నాణేలూ కావాలనుకుంటే కోటీశ్వరుడికైనా డబ్బు చాలదు. ఒక చిన్న చట్రం పెట్టుకోండి: మీరు పుట్టిన సంవత్సరంవి, ఒకే విలువలో అన్ని సంవత్సరాలవి, జంతువుల బొమ్మలున్నవి, ఓడలున్నవి, రద్దయిన చిన్న విలువలవి. రద్దయినవి కొత్తవాళ్లకు మంచి దారి, ఎందుకంటే అవి కోట్లలో ముద్రించినవి, జనానికి ఇక పనికిరానివి. భారత్‌లో 25 పైసలు, అంతకంటే తక్కువ విలువ నాణేలన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కోల్పోయాయి. కెనడా 2013 ఫిబ్రవరిలో ఒక సెంటు పంపిణీ ఆపేసింది. 1957లో భారత్ దశాంశ పద్ధతికి మారినప్పుడు పైసాను "నయా పైసా" అన్నారు, 1964లో ఆ "నయా" తీసేశారు. ఆ ఏడేళ్ల నాణేలను విలువకు ఒక్కోటి చొప్పున చేర్చుకుంటే చక్కటి చిన్న సేకరణ అవుతుంది.

ప్రతి సంవత్సరం, ప్రతి టంకశాల వెంటబడలేకపోతే రకానికి ఒకటి చాలు. యూరో నాణేలు మొత్తం ఎనిమిది విలువలు, ఒక దేశానివి ఎనిమిదీ దొరికితే ఒక పేజీ నిండినట్టే.

గ్రేడ్ విషయంలో మొహమాటపడకండి. నాణేల స్థితిని 1 నుంచి 70 వరకు అంకెల్లో చెప్పే పద్ధతి 1949లో షెల్డన్ అనే ఆయన రూపొందించిన కొలబద్ద నుంచి వచ్చింది. పైమెట్ల దగ్గర ఒక్క అంకె పెరిగితే ధర ఎన్నో రెట్లు కావచ్చు, కంటికి మాత్రం తేడా అంతగా ఆనదు. కాస్త అరిగినా సంవత్సరం, అక్షరాలు, బొమ్మ స్పష్టంగా ఉన్న నాణెం తీసుకోండి. చేతులు మారి మారి అరిగిన నాణెం నాకు సొరుగులో పడుకున్న మెరుపు నాణెం కంటే దగ్గరిదనిపిస్తుంది, ఇది నా ఇష్టం మాత్రమే.

5. మార్పిడి

డూప్లికేట్లే మీ డబ్బు. న్యూమిస్టా అనే ఉచిత ఆన్‌లైన్ కేటలాగ్‌లో మీ దగ్గర ఉన్నవి, ఇవ్వదలచుకున్నవి నమోదు చేస్తే ఇతర దేశాల సభ్యులతో మార్చుకోవచ్చు. మీ ఊళ్లో చిల్లరగా చూసే నాణెం వేరే ఖండంలో ఎవరి జాబితాలోనో ఖాళీగా ఉంటుంది, వాళ్ల చిల్లర మీ జాబితాలో. మొదటిసారి నాలుగైదు తక్కువ విలువ నాణేలతోనే చేయండి, రెండువైపులా ఫోటోలు పంపి, తీసుకుని, ఎవరు ఏది పంపుతున్నారో రాతలో పెట్టుకోండి. అవతలి వ్యక్తి పాత లావాదేవీల మీద ఇతరులు రాసిన అభిప్రాయాలు చదవండి.

పంపేముందు తపాలా నియమాలు చూడండి, చాలా దేశాల్లో మామూలు ఉత్తరంలో నాణేలు పెట్టనివ్వరు. పాత నాణేలకు చట్టాలు కూడా ఉంటాయి. భారత్‌లో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. కాబట్టి విదేశీ మార్పిడికి కొత్త నాణేలే వాడండి.

6. ఉన్నవి పాడవకుండా చూసుకోండి

డబ్బు లేనప్పుడు అన్నిటికంటే లాభమైన పని ఇదే, ఎందుకంటే పాడైన నాణేన్ని మళ్లీ కొనలేరు.

తోమకండి. పులుపు పెట్టి రుద్దడం, టూత్‌పేస్టు, వెండి పాలిష్, ఏదీ వద్దు. తోమితే లోహం పైపొర పోయి సన్నటి గీతలు పడతాయి, అవి ఇక పోవు, సేకరించేవాళ్లు భూతద్దంతో చూడగానే కనిపెడతారు. నా మొదటి వెండి నాణేన్ని నేనే అలా మెరిపించాను. పదేళ్లయినా అది అసహజంగా తెల్లగానే ఉంది. మట్టి ఉంటే శుద్ధమైన నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టండి, అంతకు మించి చేయొద్దు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెడితే చెమట ముద్ర కొన్నాళ్లకు మచ్చగా తేలుతుంది.

తర్వాత ప్లాస్టిక్. మెత్తగా, సాగుతూ, ఘాటు వాసన వచ్చే ఆల్బమ్ పేజీలు సాధారణంగా పీవీసీవి. వేడికి వాటిలోంచి రసాయనం ఊరి నాణెం మీద జిగురుగా పచ్చటి పొర కడుతుంది, రాగి, వెండి రెండింటినీ తినేస్తుంది. మీ ఆల్బమ్ అలాంటిదైతే ఈ రోజే నాణేలు బయటికి తీయండి. పచ్చ జిగురు ఇప్పటికే పట్టి ఉంటే శుద్ధ అసిటోన్‌లో కాసేపు ఉంచితే కరుగుతుంది, గోళ్ల రంగు తీసే ద్రవం మాత్రం వాడొద్దు, అందులో ఇంకేవేవో కలుపుతారు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి గాజు గిన్నెలో, గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. కొత్తగా కొనాల్సి వస్తే పాలిప్రొపిలీన్, పాలిథిలీన్, మైలార్ అని రాసి ఉన్నవి తీసుకోండి.

రబ్బరు బ్యాండుతో కట్టొద్దు, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. తేమ ఎక్కువగా ఉండే చోట గట్టిగా మూసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి, బూట్ల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చేవి దాచుకుంటే చాలు, కొనక్కర్లేదు.

7. ఒక వారం, ఒక నాణెం

వారానికి ఒక నాణెం తీసి దాని గురించి దొరికినంత చదవండి. న్యూమన్ న్యూమిస్మాటిక్ పోర్టల్‌లో పాత పుస్తకాలు, వేలం కేటలాగ్‌లు ఉచితంగా ఉంటాయి. రోమన్ నాణేలకు ఓక్రే అనే ఉచిత డేటాబేస్ ఉంది. బ్రిటిష్ మ్యూజియం తన సేకరణను ఆన్‌లైన్‌లో పెట్టింది. కొనాలనిపించిన నాణెం ఫోటోను అక్కడ ఎంతసేపైనా చూడొచ్చు.

చదివితే ఏమవుతుందో ఒక ఉదాహరణ. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయల్లో 1862 అని ఉన్నవి చాలా ఇళ్లలో ఉంటాయి. అన్నీ ఆ ఏడాదివి కావు. 1874లో మళ్లీ ఏటా సంవత్సరం మార్చడం మొదలయ్యేవరకు అదే 1862 తేదీతో ముద్రిస్తూ పోయారు, ఏ ఏడాదిదో చెప్పడానికి చిన్న చుక్కలు పెట్టారు. ఇంట్లో తాతల నాటి రూపాయలు రెండు మూడు ఉంటే భూతద్దం తీసి చుక్కలు లెక్కపెట్టండి. ఒకేలా ఉన్నాయనుకున్నవి వేరువేరుగా తేలతాయి, ఆ సాయంత్రం ఎలా గడిచిందో కూడా తెలియదు.

8. మోసపోకుండా

డబ్బు తక్కువున్నప్పుడు ఒక్క నకిలీ కొన్నా ఏడాది కవర్ ఖాళీ అవుతుంది. 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ స్కేలు ఒకటి దగ్గరుంటే మంచిది, నన్నడిగితే దేనికైనా ఖర్చు పెట్టాలంటే ముందు దానికే. కొనలేకపోతే స్నేహితులతో కలిసి ఒకటి తీసుకోండి.

ముందు బరువు చూడండి, పైన చెప్పిన బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. తర్వాత సాంద్రత. స్కేలు మీద నీళ్ల కప్పు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, కప్పు అడుగుకూ గోడకూ తగలకుండా వేలాడదీయండి. స్కేలు చూపించిన అంకెతో నాణెం పొడి బరువును భాగించండి. శుద్ధ వెండికి 10.49 వస్తుంది, రాగికి 8.96, సీసం లోహానికి 11.3. 91.7 శాతం వెండి ఉన్న ఆ రూపాయికి 10.3 చుట్టుపక్కల రావాలి, అంటే నీళ్లలో స్కేలు సుమారు 1.13 చూపించాలి. 9 దగ్గర ఆగితే అది వెండి కాదు. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, కాబట్టి మూడుసార్లు చేసి చూడండి.

"మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే ఫోన్లకు లొంగకండి. రిజర్వ్ బ్యాంక్ పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల కొనుగోళ్లకు కమీషన్లు, పన్నుల పేరుతో వసూలు చేస్తున్నారని, తాను అలాంటి పనులు చేయనని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. డబ్బు అవసరంలో ఉన్నవాళ్లే ఇలాంటి ఫోన్లకు దొరికిపోతారు. కొనేవాడు డబ్బు ఇస్తాడే కానీ అడగడు.

9. అమ్మక తప్పకపోతే

అవసరం పెద్దదైతే అమ్మండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే వరసగా చేయండి. ముందు డూప్లికేట్లు, తర్వాత మీ చట్రంలోకి రానివి, మనసుకు దగ్గరైనవి చివర్లో. వెండి, బంగారు నాణేలైతే వాటిలోని లోహం విలువ ఆ రోజు రేటు ప్రకారం లెక్క కట్టుకుని వెళ్లండి, దానికంటే తక్కువ చెప్తే లేచి వచ్చేయండి. కనీసం ముగ్గురిని అడగండి. అన్నీ కలిపి ఒక రేటు చెప్తే ఒప్పుకోకండి, జాబితా తీసి ఒక్కోటి విడిగా అడగండి, మొదట్లో రాసిన లెక్క ఇక్కడే పనికొస్తుంది.

ఇచ్చేముందు ప్రతి నాణేన్నీ రెండువైపులా పగటి వెలుతురులో ఫోటో తీయండి. జాబితాలో ఆ వరసను కొట్టేయకుండా పక్కనే తేదీ, వచ్చిన డబ్బు రాసి, ఫోటో జత చేయండి. రేపు చేతిలో డబ్బు ఆడి మళ్లీ వెతుక్కునే రోజు వస్తే, ఏ టంకశాలది, ఎన్ని చుక్కలది, ఎంత బరువుది కావాలో ఆ వరసలోనే ఉంటుంది.